ఎర్రకారుకు ఏ ఇంజన్

(2003. మేడ్చల్ దగ్గర గౌడవెల్లి. ఇంజన్ లేని పాత ఎర్ర స్పోర్ట్స్ కారు పక్కన సత్తయ్య, ఆయన బిడ్డ బిందు.)

"ఇంకొక్కసారి ఆ మారుతి వ్యాన్ పేరెత్తకు బిడ్డా. పాలక్యాన్లు మోసే బండి అది. దాని ఇంజన్ తెచ్చి ఈ కారుల పెడ్తరా?"

"పొద్దుగాల సిరాజుద్దీన్ భాయ్ షెడ్డుల గూడ గిదే అన్నవంట గదా బాపు. నలుగురు గిరాకీల ముందట."

"అన్న. అంటే ఏమైంది? ఆటోలు బాగుజేసేటోడు వాడు. స్పోర్ట్స్ కారు సంగతి వానికేం ఎరుక?"

"ఏమైందా? ఆయన మా ఇంటికొచ్చి చెప్పుకొని పోయిండు. మొదలు అంబాసిడర్ ఇంజన్ చూపిస్తే, కారు ముందట బర్రెను కట్టేసినట్టుంటదన్నవంట. సరే, ఖర్సు తక్కువైతదని మెటడార్ డీజిల్ ఇంజన్ చూపిస్తే, పోయి బోరుబాయికాడ పెట్టుకొమ్మన్నవంట. ఇగ వ్యాన్ ఇంజన్ అయితే చూడనే లేదంట. అటు తిరిగి ఊశినవంట."

"ఊశింది ఇంజన్ మీద గాదు. నోట్ల తంబాకు ఉండె."

"గప్పుడే గుర్తొచ్చిందా తంబాకు ఊశుడు?"

"నీ మొగడు పరమేష్‌ను తొందరపడొద్దను."

"తొందరనా? నువ్వు పనిజేసిన రాజారావు సారు కాలం జేసినంక, ఆయన భార్య పార్వతీదేవి అమ్మ శామీర్‌పేట తోట అమ్ముకుంట నిన్ను పిలిచి ఈ కారిచ్చింది. ఇంజన్ అప్పటికే లేదాయె. ట్రాక్టర్‌కు కట్టి గుంజుకొచ్చినం. అప్పటిసంది గీడనే ఉంది. సీట్లల్ల కోళ్లు గుడ్లు పెడుతున్నయ్. ఇగ మా ఆయిన తన బోనస్ మొత్తం దీనికే పెడత అన్నడు. ఎందుకు? ఫ్యాక్టరీల మనుషులను తీసేస్తున్నరు బాపు. రేపు ఆయినను గూడ తీసేస్తే, పెండ్లిండ్లకు ఈ కారు కిరాయికిచ్చుకొని బతుకుదామని."

"పెండ్లిండ్లకు. ఇసొంటి కారు. బ్యాండోళ్ల ఎనుక పాక్కుంట పోవాలె."

"అందుకే వ్యాన్ ఇంజన్ సాలంటున్నం. బరాత్‌ల కారు ఉరుకుతదా? నడుస్తది. చిన్న ఇంజన్, తేలిక, ముందట ఆ ఇరుకు జాగల మంచిగ పడ్తది. మనతోని అయ్యేది అదొక్కటే."

"మందుగోళీల డబ్బాలకు చీటీలంటించేటోడు నీ మొగడు. ఇంజన్ల గురించి ఆయిన చెప్పాలె, నేను ఇనాలె."

"ఆ చీటీలతోనే నీ మందులొస్తున్నయ్."

"జెర జరుగు, కారు అద్దం తుడ్వనీ."

"ఏం? అద్దం తుడిస్తే అయితదా? మరి నువ్వే చెప్పు. ఏ ఇంజన్ పెట్టాలె?"

"అసలుది. దాంతో పాటు పుట్టింది."

"అది ఈడ దొరకదంట. దొరికినా ఇల్లమ్మి గూడ కొనలేమంట."

"అయితే ఉండనీ. గిట్లనే ఉండనీ. నేను తుడుసుకుంట కూసుంట."

"ఉండనిచ్చేదెట్ల? రావల్కోల్ శంకరయ్య కొడుకు పెండ్లికి ఈ కారు తెస్తమని మా ఆయిన మాటిచ్చి వచ్చిండు. శంకరయ్య మొదలు ఒప్పుకోలేదంట, పాతకారు నడుమల ఆగుతదేమోనని. రాజారావు సారు డ్రైవర్ సత్తయ్యే నడుపుతడు, తెల్లబట్టలేసుకొని వస్తడు అన్నంక, ఇగ మారుమాట లేకుండ సరేనన్నడంట."

"నన్నడగకుండ నా పేరెట్ల చెప్పిండు?"

"అడిగేదేముంది? నేను పుట్టినకాడికెల్లి ఊరంత నిన్ను డ్రైవర్ సత్తయ్య అనే పిలుస్తున్నది."

"ఊరు పిలిస్తే అయిపోయిందా? ఊరోళ్లకేం తెలుసు?"

"సరే ఊరోళ్లకు తెల్వదు. మాకు తెల్వదు. ఇగ సిరాజ్ భాయ్ వస్తుండు, ఆయనతోనే మాట్లాడు. తన సొంత వ్యాన్ తెస్తుండు. నువ్వు ఒకసారి నడిపి చూసి, నచ్చలేదంటే ఇంకో ఇంజన్ ఎతుకుత అన్నడు. అన్ని మాటలన్నా, నీ మీద గంత మర్యాదుంది."

"రావద్దను."

"ఎందుకు?"

"మోకాళ్లు నొస్తున్నయ్."

"సైకిల్ తొక్కుకుంట మేడ్చల్ పోయొచ్చినవ్ గద పొద్దుగాల."

"అందుకే నొస్తున్నయ్."

"ఏంది బాపు ఇది? సిరాజ్ భాయ్ పనికిరాడు, నా మొగడు పనికిరాడు, మూడు ఇంజన్లు పనికిరావు. మేం బాగుపడుడు నీకు ఇష్టం లేదా? ఉన్నదున్నట్టు చెప్పు."

"గట్లనకు బిడ్డా."

"మరెట్లనాలె? అగో, భాయ్ రానే వచ్చిండు. ఇగ నువ్వే చెప్పుకో. రా సిరాజ్ భాయ్."

"సలాం సత్తయ్యన్న. పాలక్యాన్ల బండి తెచ్చిన. సారు డ్రైవర్‌వి నువ్వు, ఇసొంటి దాంట్ల ఎక్కుతవో ఎక్కవో."

"బిందూ, భాయ్‌కు చాయ్ పెట్టుపో."

"పెడ్త. నువ్వు గిట్ల తప్పించుకొని లేసిపోకు. భాయ్, చావి ఆయన చేతుల పెట్టు."

"పెడ్తున్న చెల్లె. తీస్కో సత్తయ్యన్న. కూసో. నేను పక్కన కూసుంట. చావి పట్టుకొని కూసున్నవేంది, నేనే తిప్పి ఇంజన్ సురూ జేసిన, చప్పుడు ఇను. నచ్చకపోతే మల్ల అటు తిరిగి ఊశు, నాకేం పరేషాన్ లేదు."

"బిందు ఇంట్లకు పోయిందా?"

"పోయింది. ఎందుకు?"

"తలుపు దగ్గరికేసుకుందా?"

"ఏసుకుంది. పోనియ్యవేందన్న? ఏం చూస్తున్నవ్ కిందికి?"

"ఇంజన్ మంచిగున్నది సిరాజ్ భాయ్. ఇదే పెట్టు. ఆమె చాయ్ తెచ్చేలోపు జెర మెల్లగ చెప్పు, కాళ్లకాడ ఈ మూడింట్ల ముందుగాల ఏది తొక్కాలె? సారు నాతోని కారు కడిగిచ్చిండు గని, ఒక్కనాడు నడపనియ్యలే."