వెనక గుమ్మం బల్బు

ఫారం అంటే ఒక పేజీ ఉంటుంది గానీ, ఈ నాలుగు పేజీలేమిటి సార్? ఒడ్డున గుడ్లు పెట్టే తాబేళ్ళని కాయడానికే ఇన్ని ప్రశ్నలైతే, తిమింగలాల్ని కాస్తానంటే ఎన్ని అడిగేవారో.

ఈత వచ్చా అట. రాదు. మోకాళ్ళ నొప్పులున్నాయా అట. యాభై దాటాక లేనివాళ్ళెవరో చూపించండి, వెళ్ళి దండం పెట్టుకుంటాను. ఇసకలో ఐదు కిలోమీటర్లు నడవగలరా అట. నడుస్తాను. కళ్ళజోళ్ళ దుకాణంలో ఇరవై రెండేళ్ళుగా నిలబడే ఉన్నాను. నిలబడ్డదాన్ని నడవమంటే నాకు సంతోషమే కదా.

అవునండీ, మలుపులో ఉన్న దుకాణమే. అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించేది నేనే. మీ కళ్ళజోడు కూడా ఎడమవైపు జారిపోతోంది, వచ్చినప్పట్నించీ చూస్తున్నాను. ఇలా ఇవ్వండి. నా సంచిలో సామాను ఎప్పుడూ ఉంటుంది.

అది లేకపోతే ఏమీ కనపడదా? మంచిదే. మీకు నేను కనపడకపోతే చెప్పడం నాకు తేలిక.

ఎందుకు చేరాలనుకుంటున్నారు అని అరచెయ్యంత గడి ఇచ్చారు. బయట బెంచీ మీద నా పక్కనున్న కాలేజీ అమ్మాయి, సముద్రమే నా ప్రాణం అని రాసింది. నాకు దానితో అంత చుట్టరికం లేదు సార్. ఇంటి వెనక ఉంటుంది. తలుపు గొళ్ళేలకి తుప్పు పట్టిస్తుంది, ఉతికిన బట్టలు ఆరనివ్వదు. పాతికేళ్ళుగా దానికీ నాకూ మాటల్లేవు.

దానితో పనంతా మా ఆయనకే. ఓడరేవులో క్రేను నడిపేవాడు, రాత్రి డ్యూటీ. దగ్గర దారని తెల్లవారుజామున ఇసకలోంచి నడిచి వెనక గుమ్మానికే వచ్చేవాడు. తాళం కన్నం కనపడక అక్కడ నిలబడి గొణుగుతుంటే విసుగొచ్చి ఒక బల్బు పెట్టించాను. పెద్దది. ఏ పనైనా సగం చెయ్యడం నాకు చేతకాదు.

ఆయన పోయి నాలుగేళ్ళు. అయ్యో అనకండి, అనాల్సినవాళ్ళు అప్పుడే అనేసి వెళ్ళిపోయారు.

బల్బు మాత్రం వెలిగిస్తూనే ఉన్నాను. ఆయన వస్తాడని కాదు. నాకేం మతి పోలేదు, డిగ్రీలో ఫిజిక్సు చదివినదాన్ని. దుకాణం నుంచి వస్తాను, పొద్దుటి కూర వేడి చేసుకుంటాను, ఆ స్విచ్చి వేస్తాను. దీపం ఉన్న ఇంటికి ఇంకా ఎవరో రావలసి ఉన్నట్టుంటుంది. అంతే. రోజు మొత్తానికి ఇంకొకరి కోసం చేసే పని నాకదొక్కటే మిగిలింది.

కాస్త కదలకుండా కూర్చోండి. ఈ స్క్రూ ఆవగింజంత లేదు, కిందపడితే ఇద్దరం వెతకాలి, మీకు చూపు లేదాయె.

పోయిన నెల ఒక పొద్దున వెనక గుమ్మం ఊడుస్తుంటే కాలవలో నల్లగా ఏవో కనిపించాయి. తెగిన చెప్పుల ముక్కలనుకున్నాను. చీపురుతో లాగితే కాళ్ళున్నాయి. తాబేలు పిల్లలు, పదిహేడు. అన్నిటికీ చీమలు పట్టేశాయి. రెండు మాత్రం ఇంకా కాళ్ళాడిస్తున్నాయి. నా సంచిలో ఉండే అద్దాల ట్రేలో వేసుకుని నీళ్ళ దాకా పరిగెత్తాను. నేను పరిగెత్తి ఎన్నేళ్ళయిందో. ఒకటి అలలో కలిసిపోయింది. రెండోది నా అరచేతిలోనే ఆగిపోయింది.

ఆ రోజు దుకాణంలో ఇద్దరికి కుడి అద్దం ఎడమకి బిగించి పంపాను.

నాలుగు రోజులకి మీరే వచ్చారు, రాత్రి దీపాలు ఆర్పమని నోటీసులు పట్టుకుని. మిట్టమధ్యాహ్నం. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు ఎటు వెలుగుంటే అటే సముద్రమనుకుని నడుస్తాయమ్మా, ఇటువైపు రాత్రంతా వెలిగే దీపం ఎవరిది, అని నన్నే అడిగారు. వెలుతురు గురించి మూడేళ్ళు పరీక్షలు రాసినదాన్ని, మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు సార్. తట్టిన క్షణంలోనే నా చెయ్యి పక్కింటివైపు లేచింది.

అవును. టైలరమ్మది అన్నది నేనే.

ఆవిడ బోర్డుకి లైట్లున్న మాట నిజం. కానీ అవి వీధివైపు. పైగా ఎనిమిదింటికల్లా ఆర్పేస్తుంది. మీకెలా తెలుస్తుంది? మీ ఆఫీసుకి ఉన్నది ఇద్దరు మనుషులు, రాత్రిపూట మా వీధికి అవతలున్న రాళ్ళగట్టు దాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. నా మాట నమ్మారు. మర్నాడే బోర్డు దింపించేశారు.

ఇప్పుడు వీధిలో ఆవిణ్ణి తాబేళ్ళ టైలరంటున్నారు. ఆవిడ నా దగ్గరకొచ్చి, "చీమని కూడా చంపను కదా అక్కా, నాకెందుకీ నింద?" అంది. అంటూనే నా భుజం దగ్గర కుట్టు ఊడిందని చూసి, నిలబెట్టి అప్పటికప్పుడే కుట్టింది. సూది నాకు గుచ్చుకోకుండా లోపల తన వేలు అడ్డం పెట్టుకుంది.

కుట్టు బాగుందని చెప్పి పంపేశాను.

ఆర్పెయ్యాల్సింది అంటారా? ఆర్పాను. మీరొచ్చి వెళ్ళిన రోజే ఆర్పాను. మంచం మీద కూర్చున్నాను. ఎవరూ రావలసిన పనిలేని ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలియదు. గంట కూడా ఓర్చుకోలేకపోయాను. ఇంక గుడ్లేం మిగిలుంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని మళ్ళీ వేశాను.

మొన్న సోమవారం మళ్ళీ వచ్చాయి. తొమ్మిది. టైలరమ్మ బోర్డు లేదు, అయినా వచ్చాయి. ఈసారి ఒక్కటీ కదల్లేదు.

నాలుగేళ్ళలో నా గుమ్మాన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారంటే అవే సార్.

ఇదిగో, బల్బు. మీ బల్ల మీదే పెడుతున్నాను. స్విచ్చి ఆర్పితే మళ్ళీ వేస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకని ఊడబీకి తెచ్చాను. మీ దగ్గరే ఉంచండి. ఆవిడ బోర్డు మళ్ళీ పెట్టించండి. తప్పు నాదని కాగితం కావాలంటే రాసిస్తాను, నాలుగు పేజీలైనా సరే.

నాకు మాత్రం ఆ రాళ్ళగట్టు నుంచి మా వీధి చివరిదాకా ఉన్న ముక్క ఇవ్వండి. నడుస్తాను. ఎలాగూ చీకట్లోనే ఉండాలి, ఆ ఉండేదేదో మీ ఇసకలో ఉంటాను. ఈ సంగతి ఆ అరచెయ్యంత గడిలో ఎలా పడుతుందో మీరే చూసుకోండి.

చివరి పేజీలో ఒకటి వదిలేశాను. నాకేదైనా అయితే ఎవరికి కబురు చెయ్యాలి అని. టైలరమ్మ పేరు రాశాను. రాసి చెరిపేశాను. ఇక్కణ్ణించి నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్తున్నాను. అంతా విన్నాక కూడా రాసుకోమంటే, రేపొచ్చి రాస్తాను.

ఇదిగో మీ కళ్ళజోడు. పెట్టుకోండి. ఇక జారదు.

కనిపిస్తున్నానా? సరే.

ఆవిడ వద్దంటే మాత్రం ఆ గడి అలాగే ఉండనివ్వండి సార్. ఖాళీ గడిని చూసి దారి తప్పేవాళ్ళెవరూ ఉండరు.