బ్రిజిడ్‌కి తలుపు తీసేదెవరు

చికాగో శివార్లలో షామ్‌బర్గ్, 1987. జనవరి ఆఖరి గురువారం సాయంత్రం. వంటింట్లో జయంతి, ఆమె భర్త నరసింహం. పక్క గదిలో హోంవర్క్ ముందు కూర్చున్న కూతురు రేణు.

"మళ్ళీ చెప్పు. ఎవరి పండగ?"

"బ్రిజిడ్ అని, ఐర్లండ్ వాళ్ళ దేవతండీ. తర్వాత సెయింట్ కూడా అయిందట."

"ప్రమోషనా?"

"అలాంటిదే. చలికాలం సగం గడిచి, గొర్రెలు ఈని, పాలు పడే రోజులట ఇవి. పండగ ఆదివారం. భోజనం మాత్రం ముందు రోజు రాత్రే. ఇంట్లో చిన్నగా పెట్టుకుంటే చాలు, పెద్ద హడావుడి ఉండదు."

"షామ్‌బర్గ్‌లో గొర్రెలెక్కడివి?"

"స్టోర్‌లో పాలున్నాయి కదండీ."

"చలికాలం సగం గడిచిందట! బయట మంచులో నా కారెక్కడుందో తెలీడంలేదు."

"సగమే గడిచిందన్నాను. అయిపోయిందనలేదు."

"మన పండగలు చాల్లేదా నీకు? మొన్న గారెలు వండమంటే తీరిక లేదన్నావు."

"గారెలకి పప్పు నానబెట్టాలి, రుబ్బాలి. దీనికి బంగాళాదుంపలు ఉడకేస్తే అయిపోతుంది."

"ఇంతకీ ఈ పండగ సంగతి నీకెవరు చెప్పారు?"

"తెలిసినవాళ్ళు."

"తెలిసినవాళ్ళంటే?"

"తెలిసినవాళ్ళంటే తెలిసినవాళ్ళే. ఆ గిన్నె ఇలా అందుకోండి."

"జయంతీ. నీ కొడుకు రాజ్ పెళ్ళాం చెప్పిందా?"

"ఆ అమ్మాయికి పేరుంది. మొరీన్."

"పేరు నేనడగలేదు. ఆ అమ్మాయి ఈ ఇంట్లో అడుగుపెట్టడానికి వీల్లేదని చెప్పాను. చెప్పానా, లేదా?"

"చెప్పారు. దసరాకి చెప్పారు, దీపావళికి చెప్పారు, దామోదర్ గారింట్లో నలుగురిలోనూ చెప్పారు. ఇప్పుడు కాదని ఎవరన్నారు? నేను బంగాళాదుంపల గురించి మాట్లాడుతున్నాను."

"అయితే మాట్లాడు."

"మెత్తగా ఉడికించి, పాలు పోసి మెదపాలి. అందులో ఉల్లికాడలు తరిగి వెయ్యాలి. మధ్యలో గుంట చేసి వెన్న పెట్టాలి."

"పోపు?"

"పోపు లేదు."

"పచ్చిమిరపకాయలు?"

"లేవు."

"ఇది పండగ భోజనమా, పథ్యమా?"

"మీకు నంజుకోడానికి ఆవకాయ వేస్తాలెండి."

"వాళ్ళ దేవత ఊరుకుంటుందా?"

"ఆవుల్ని చూసుకునే దేవతట. ఆవకాయ జోలికి రాదు."

"మాంసం గట్రా?"

"అసలు లేదు. నాకు నచ్చిందే అందుకు. పాలు, వెన్న, రొట్టె, దుంపలు. మీకు పడనిది ఒక్కటి చూపించండి."

"నన్నడిగి పెట్టుకున్నట్టున్నారు ఐర్లండ్‌లో. రొట్టె ఎవరు చేస్తారు? నీకు రాదుగా."

"వస్తుంది."

"నీకా?"

"రొట్టె వస్తుంది. చికాగో నుంచి."

"ఒక్కతే వస్తుందా రొట్టె? ఎవరైనా వెంటబెట్టుకొస్తారా?"

"ముందు ఆ బస్తా పక్కకి జరపండి, కాలికి అడ్డంగా ఉంది."

"పది పౌండ్ల దుంపలు. మనం ముగ్గురం."

"మిగిలితే మర్నాడు కూర చేస్తాను."

"అమ్మా! బ్రూమ్‌లోంచి ఎన్ని పుల్లలు తియ్యాలి?"

"కాస్త మెల్లిగా అడగవే."

"ఏ బ్రూమ్? ఏమంటోంది అది?"

"క్రాస్ అల్లాలి నాన్నా. వాళ్ళు రషెస్ యూజ్ చేస్తారు, గడ్డి లాంటిది. మనకి లేదు. సో, కొబ్బరి బ్రూమ్."

"అది మా అక్కయ్య తెనాలి నుంచి సూట్‌కేస్‌లో పెట్టుకుని తెచ్చిన చీపురు! అదేమిటో కస్టమ్స్‌వాడికి ఊడ్చి చూపించి మరీ తెచ్చింది."

"నాలుగు పుల్లలే కదండీ. అల్లి గుమ్మానికి కడితే ఏడాదంతా ఇంటికి మంచిదట."

"చీపురు పుల్లలు గుమ్మానికి! బాగుంది. ఇంకేం చెయ్యాలి?"

"ఇంకేం లేదు. భోజనానికి ముందు ఇంటి ఆడపిల్ల ఒకత్తి బయటికెళ్ళి తలుపు కొడుతుంది."

"ఎందుకు?"

"ఆ పిల్లే అప్పటికి బ్రిజిడ్ అన్నమాట. 'బ్రిజిడ్ వచ్చింది, రానివ్వండి' అంటుంది. లోపలివాళ్ళు 'రా తల్లీ, రా' అనాలి. మూడుసార్లు. అప్పుడు తలుపు తియ్యాలి."

"తీసేదెవరు?"

"ఇంటాయన."

"అంటే నేను."

"ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వాళ్ళనే అడుగుతాను."

"అండ్ యూ హావ్ టు నీల్, నాన్నా."

"ఏమిటి?"

"మోకాళ్ళ మీద కూర్చోవాలట. మీకు మోకాలు నొప్పని చెప్పాను. కుర్చీలో కూర్చున్నా పరవాలేదంది."

"ఎవరు అంది?"

"తెలిసినవాళ్ళు."

"ఊఁ. సరే, బయట నిలబడేది రేణు."

"రేణుకి జలుబు."

"నాకు జలుబు లేదు!"

"శనివారానికి వస్తుంది."

"అమ్మా, వాట్?"

"నువ్వు చదువుకో."

"అయితే నువ్వు నిలబడు."

"నేను పొయ్యి దగ్గరుండాలి. పాలు పొంగిపోతాయి."

"పక్క వీధి వసుమతి గారిని పిలువు. ఆవిడకి ఇలాంటివంటే సరదా."

"ఆవిడ ఈ ఇంటి మనిషి కాదుగా. ఇంటి మనిషే అయ్యుండాలి."

"ఇంట్లో ఉన్నదే ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరికి రాబోయే జలుబు, ఇంకొకరికి పొంగబోయే పాలు. మరింకెవరున్నారు?"

"నేనూ అదే ఆలోచిస్తున్నాను."

"ఎప్పటి నుంచి ఆలోచిస్తున్నావు?"

"క్రిస్‌మస్ నుంచి."

"జయంతీ, నేనేమన్నా పిచ్చివాడిలా కనిపిస్తున్నానా?"

"లేదండీ. ఆకలి మీదున్నట్టు కనిపిస్తున్నారు. టీ పెట్టనా?"

"టీ వద్దు. ఆ అమ్మాయి బయట నిలబడి తలుపు కొడితే, నేను మోకాళ్ళ మీద కూర్చుని..."

"కుర్చీలో."

"కుర్చీలో కూర్చుని, మూడుసార్లు రా తల్లీ రా అనాలి. అంతేనా నీ ప్లాన్?"

"మీరు పిలిచేది బ్రిజిడ్‌ని. ఆ అమ్మాయిని పిలవమని ఎవరన్నారు?"

"లోపలికొచ్చాక?"

"వచ్చాక దేవత ఎటు పోతుందో నాకు తెలీదు. ఆ అమ్మాయి మాత్రం భోంచేస్తుంది."

"వాడెక్కడుంటాడు, నీ కొడుకు?"

"కారులో. హీటర్ వేసుకుని."

"వాడికి సిగ్గా?"

"భయం. మీరు తలుపు తియ్యకపోతే రొట్టె మెట్ల మీద పెట్టి ఇద్దరూ వెళ్ళిపోతారు. మళ్ళీ అడగరు."

"వాడన్నాడా ఆ మాట?"

"ఆ అమ్మాయి అంది. 'ఆయన్ని ఊరికే ఇబ్బంది పెట్టొద్దు, ఈ ఒక్కసారికి చూద్దాం' అంది. రాజ్‌కి శాంటా క్లారాలో జాబ్ వచ్చింది. మార్చిలో మూవ్ అయిపోతున్నారు."

"శాంటా క్లారా? కాలిఫోర్నియా? నాకెవరూ చెప్పలేదే."

"వాడు ఫోన్ చేస్తే మీరు బేస్‌మెంట్‌లోకి వెళ్ళిపోతారుగా."

"నాకెవరూ ఏదీ చెప్పరు. సిటీ హాల్‌లో సంతకాలు పెట్టుకుని మర్నాడు ఫోన్ చేశాడు. అదీ నీకు. నాకంటే ముందు దామోదర్‌కి తెలుసు. పార్కింగ్ లాట్‌లో కనపడి 'కంగ్రాచ్యులేషన్స్ నరసింహం గారూ' అన్నాడు. కొత్త కారు గురించేమో అనుకుని థాంక్స్ చెప్పాను. మైలేజీ కూడా చెప్పాను."

"తెలుసండీ."

"నీకేం తెలుసు? ఆ దామోదర్ నన్ను ఆపలేదు, చివరిదాకా విన్నాడు. ఐరిష్ పిల్లని కాదు నా బాధ. మా బాస్ ఐరిషే. ఒక్కగానొక్క కొడుకు పెళ్ళి. నన్ను పీటల మీద కూర్చోబెట్టలేదు. రెండు అక్షింతలు వెయ్యనివ్వలేదు. మేళం లేదు, మంత్రం లేదు, బస్సెక్కినట్టు లైన్‌లో నిలబడి చేసుకొచ్చారు. ఒక ఇంటికి కోడలు రావడానికి ఓ పద్ధతంటూ ఉండదా?"

"ఆ అమ్మాయికీ అదే బాధ. వాళ్ళ అమ్మమ్మ గారింట్లో చేసేవాళ్ళట ఈ పండగ. 'ఇంట్లోకి రానివ్వమని అడగడానికి నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే అత్తయ్యా, మీ పద్ధతేమిటో నాకెవరూ చెప్పలేదు' అంది."

"అత్తయ్యా అందా?"

"అంది. నేను నేర్పలేదు."

"నన్నేమంటుంది?"

"ఇంకా ఏమీ అనలేదు. మీరు ఎదురుపడితే కదా. ఏమండీ. పాలు కొనాలా, వద్దా? అదైనా చెప్పండి."

"శనివారం ఎంత చలి ఉంటుందట?"

"సున్నా అన్నాడు రేడియోలో."

"మూడుసార్లు పిలిచేదాకా బయటే నిలబడాలా?"

"పద్ధతి అదేనట."

"గబగబా పిలిస్తే తప్పా?"

"ఎలా పిలవాలో చెప్పలేదు."

"తలకి ఏదైనా కట్టుకోమను. ఇక్కడి పిల్లలకి చెవులు కప్పుకోవాలని తెలీదు."

"అంటే..."

"అంటే గింటే ఏం లేదు. రాగి చెంబు ఎక్కడుంది?"

"దేవుడి అల్మరాలో. ఎందుకండీ?"

"నిండా బియ్యం పోసి గడప మీద పెట్టు. మీ బ్రిజిడ్‌కి ఫోన్ చేసి చెప్పు, కుడికాలితో మెల్లిగా నెట్టి లోపలికి రావాలని. బూట్లు విప్పమను, చెంబు మా అమ్మది."