ఓడలో తాలు కాయ

"డౌన్‌హిల్లా? ఆ మాట గురించి ఎవరినో అడుగుతావేంటమ్మా నాగజ్యోతీ, గుంటూరు యార్డులో ఆ మాట మొట్టమొదట విన్న చెవులు ఇవే కదా!" అన్నాడు మా పీరన్నయ్య, చేతిలో కాయని గంపలోకి విసురుతూ.

నాగజ్యోతి బ్యాంకు పరీక్షకి చదువుకునే పిల్ల. సీజన్లో మాతో పాటు అంకమ్మరావు గారి కళ్లంలో తాలు ఏరడానికి వస్తుంది. ఎర్రటి మిరపకాయలు గంపలోకి, రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు వెనక పట్టా మీదికి, అంతే పని. 'గోయింగ్ డౌన్‌హిల్' అనే ఇంగ్లీషు మాటతో అయిదు వాక్యాలు రాయాలట ఆ పిల్ల. ఒక్కసారిగా కూలిపోవడం కాదట, రోజుకి కాస్త చొప్పున దిగజారిపోవడమట.

నిజానికి ఆ రోజు కళ్లంలో ఎవరికీ మాట్లాడే మనసు లేదు. పంపిన సరుకులో తాలు ఉందని కొన్నవాళ్లు బస్తాలు తిప్పి పంపారు. ఎవరి గంపలోంచి వస్తోందో చూసి, ఆ మనిషిని రేపట్నుంచి రావద్దని చెప్పమని అంకమ్మరావు గారు కొడుకు కోటేష్‌ని పంపారు. ఆ అబ్బాయి అటు చివర నుంచి ఒక్కో గంపా చూసుకుంటూ వస్తున్నాడు.

జానీబీ వదిన పోయి పది నెలలు. నేను నా సంసారంతో పక్కూళ్లో ఉంటాను. ఈ కళ్లం లేకపోతే అన్నయ్యకి పొద్దున లేచింది మొదలు పలకరించే మనిషి ఉండడు. అది నాకు తెలుసు. ఆ తాలు ఎవరి గంపలోదో కూడా నాకు తెలుసు. అందుకే వదిన కూర్చునే చోట, ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నాను.

"వినండి. యార్డుకి హాలండు దొర ఒకడొచ్చాడు. బస్తా మూతి విప్పాడో లేదో, పది అడుగుల అవతల నుంచే 'దొరగారూ, అడుగున ఒక తాలు కాయ ఉందండీ' అన్నాను. తిరగబోశారు. ఉంది!"

"తాలు లేని బస్తా ఎక్కడుందిలే పీరన్నా," అంది సుబ్బరావమ్మ, ఘాటుకి ముక్కు చుట్టూ కట్టుకున్న కొంగు సర్దుకుంటూ.

"ఒకటే ఉందమ్మా! రెండోది లేదు. దొర ఆ కాయని అటూ ఇటూ తిప్పి 'గుంటూరు మిర్చి ఈజ్ గోయింగ్ డౌన్‌హిల్' అన్నాడు. రాసుకో నాగజ్యోతీ, ఒకటోది. నాకు రోషం వచ్చింది. 'మిర్చి కాదు దొరా, నీ చూపు ఈజ్ గోయింగ్ డౌన్‌హిల్' అన్నాను. రెండోది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ మాట అన్నప్పుడల్లా అన్నయ్య ఎడమ పక్కకి తిరుగుతాడు. వదిన 'ఊఁ' అనేది. అప్పుడు గానీ ముందుకి సాగేవాడు కాదు. ఆయన తిరిగేసరికి నా చెయ్యి ఆయన గంపలో ఉంది. గబుక్కున లాక్కున్నాను. గాజులు గలగలమన్నాయి. అన్నయ్య ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకున్నాడు.

"దొర నా కళ్లకి గంతలు కట్టించాడు. నాలుగొందల బస్తాలు రెండు వరసల్లో పేర్పించి, నడవమన్నాడు. నడిచాను. తాలు ఉన్న బస్తా పక్కకి రాగానే నా కనురెప్ప దానంతటదే కొట్టుకునేది."

"ఏ కన్ను బాబాయ్? ఎడమదా, కుడిదా?" అంది నాగజ్యోతి నవ్వాపుకుంటూ.

"బస్తా ఎడం పక్కనుంటే ఎడమది. రెండు పక్కలా ఉంటే రెండూను!"

కళ్లమంతా నవ్వింది. అందరి తలలూ పైకి లేచాయి, నా చెయ్యి మళ్లీ గంపలోకి పోయింది. రెండు తాలు కాయలు తీశాను, మూడు తీశాను. కోటేష్ ఇంకా నాలుగు గంపల అవతలే ఉన్నాడు. యా అల్లా, ఇంకాసేపు నవ్వించు వీళ్లని అనుకున్నాను.

"ఇదేం చూశారు! దొర సరుకంతా ఓడకెక్కించి బయల్దేరాడు. నేను వాడరేవు ఒడ్డున నిలబడి చూస్తున్నాను. ఓడ నువ్వుగింజంత అయిపోయింది. ఇంకా తెల్లవారలేదు. అయినా ఏం, మూడో అరలో, ఏడో బస్తాలో, కింద నుంచి నాలుగో కాయ తాలు! కేకేశాను చూడండి, పల్లెకారులు వలలు వదిలేశారు, ఎండేసిన చేపలు ఎగిరి మళ్లీ నీళ్లలో పడ్డాయి, ఓడ గిర్రున వెనక్కి తిరిగింది. కెప్టెన్ దిగొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. 'పొద్దున్నుంచీ ఓడ ఓ పక్కకి ఒరుగుతోంది పీరుగారూ, మై షిప్ ఈజ్ గోయింగ్ డౌన్‌హిల్, ఎందుకో తెలియక చస్తున్నాం' అన్నాడు. మూడోది, రాశావా? ఆ ఒక్క కాయ తీయించాను. ఓడ నిటారుగా నిలబడింది."

"తెల్లవారలేదన్నావు, మళ్లీ పొద్దున్నుంచీ అంటావేంటయ్యా!" అంది సుబ్బరావమ్మ.

"వాళ్ల దేశంలో పొద్దున్న అమ్మా! మధ్యలో అడ్డం రాకు. అంతలో మనకీ పొద్దు పొడిచింది, సముద్రంలోంచి. 'సూర్యుడెలా ఉన్నాడు పీరుగారూ?' అన్నాడు కెప్టెన్. అడిగాక అబద్ధం చెబుతామా? 'కింద అంచున తెల్లబారాడండీ, తాలు కలిసింది, సన్ ఈజ్ గోయింగ్ డౌన్‌హిల్' అన్నాను. నాలుగోది. సూర్యుడు విన్నాడు. సిగ్గుతో మొహం కందిపోయింది. అప్పట్నుంచే పొద్దున్నే ఎర్రగా పొడవడం. అంతకుముందు తెల్లగానే పొడిచేవాడు, మీకు గుర్తు లేదు గానీ!"

సుబ్బరావమ్మకి నవ్వుతో పాటు దగ్గొచ్చింది. నాగజ్యోతి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. అదే నా పొరపాటు. తలెత్తేసరికి కోటేష్ మా ముందే ఉన్నాడు. తనూ నవ్వుతూనే వంగి, అన్నయ్య గంపలోంచి గుప్పెడు కాయలు తీశాడు.

"సూర్యుడిలో తాలు పట్టినోడివి, మరి ఇదేంటి బాబాయ్?"

వేళాకోళంగానే అన్నాడు. అన్నాక తనే గుప్పెట్లోకి చూసుకున్నాడు. అయిదు కాయల్లో మూడు తాలు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"జానీబీ ఉండగా ఈ గంపలో ఒక్క తాలు ఉండేది కాదు," అంది సుబ్బరావమ్మ మెల్లగా, తనలో తను అనుకున్నట్టు.

అన్నయ్య ఆ అబ్బాయి చేతిలోంచి ఒక కాయ తీసుకుని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు. ఎండలోకి తిప్పి చూశాడు.

"నాకు ఎర్రగానే కనపడుతోంది బాబూ," అన్నాడు.

ఎవరూ అడక్కుండానే ఆయనే చెప్పాడు.

"ఆరేళ్లయింది. కంటి నరం ఎండిపోతోందన్నారు, అద్దాలకి లొంగదన్నారు. జానీబీకి ఒక్కదానికే చెప్పాను. నేను కోతలు కోస్తుంటే మీరంతా నా మొహం చూసేవాళ్లు. దాని చెయ్యి నా గంపలో తిరుగుతుండేది. అది ఉన్నన్నాళ్లూ ఒక్కరికీ కనపడలేదు." నా వైపు తిరక్కుండానే అన్నాడు, "అనీసా, పొద్దున్నుంచీ నీ గాజులు నా గంపలో మోగుతున్నాయమ్మా."

వదిన కళ్లంలో కూర్చోగానే గాజులు తీసి కొంగున ముడేసుకునేది. కారం అంటుతుందని కాబోలు అనుకునేదాన్ని. ఒకసారి నమాజుకి చేతులు కడుక్కుంటూ అడిగితే, నవ్వి ఊరుకుంది.

"ఎండలు కూడా ముదిరాయి బాబాయ్," అన్నాడు కోటేష్ నేల చూపులు చూస్తూ. "రేపట్నుంచి ఇంటి పట్టున ఉండు."

"అలాగే బాబూ."

కోటేష్ తరవాతి గంప చూడకుండానే వెళ్లిపోయాడు. నాగజ్యోతి పుస్తకం మూసేసింది.

"అయిదన్నావుగా అమ్మా, మూస్తావేం?" అన్నాడు అన్నయ్య. "రాసుకో. మై ఐస్ ఆర్ గోయింగ్ డౌన్‌హిల్. ఇది కోత కాదు."

ఆ పిల్ల పుస్తకం తెరిచింది గానీ, పెన్ను కదల్లేదు.

సుబ్బరావమ్మ చీర చెంగు ముక్కు మీంచి దించింది. "సాయంత్రం దాకా పని ఉంది కదా పీరన్నా. కథ మధ్యలో ఆపితే ఎట్టా? ఆ ఓడ సంగతేంటి?"

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. గంప ముందుకి లాక్కున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అంటూ ఎడమ పక్కకి తిరిగాడు.

నేను గాజులు తీసి కొంగున ముడేసుకున్నాను. "ఊఁ," అన్నాను.

అన్నయ్య అలా తిరిగే ఉన్నాడు చాలాసేపు, ఇంకో గొంతు వినపడాలన్నట్టు. తర్వాత చేతిలో కాయని ఎటు వెయ్యాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏముందమ్మా, ఓడ వెళ్లిపోయింది."