సెలవు దొరకని మాస్టారు

1989 జూలై మూడో తేదీన కొత్తపేట జూనియర్ కళాశాలలో ఆంధ్రోపన్యాసకులుగా అడుగుపెట్టి, పదోన్నతిపై అమలాపురం వచ్చి, మన డిగ్రీ కళాశాల తెలుగు శాఖకు అధ్యక్షులై భాసిల్లిన శ్రీ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆయన విద్వత్తును గురించి, వాగ్ధాటిని గురించి చెప్పవలసింది చాలానే ఉంది. కానీ మాస్టారు అలసిపోయారు. పొగడ్తలు విని విని మరీ అలసిపోయారు.

పరీక్షల విధులు, వేసవి మూల్యాంకనం, జాతీయ సేవాపథకం శిబిరాలు, ఎవరు తప్పించుకున్నా ఆ భారం ఆయన భుజాల మీదికే వచ్చేది. రాకపోతే ఆయనే అడిగి తీసుకునేవారు. సెలవెరుగని కర్తవ్యదీక్షాపరులని మనమందరం చప్పట్లు కొట్టి శాలువా కూడా కప్పాం. రాజోలు దగ్గరున్న తమ్ముడు వెంకటకృష్ణ గారింటికి వెళ్ళడం లేదేమని అడిగితే, "మాకేం గొడవల్లేవండీ బాబూ! సెలవే దొరకడం లేదు" అనేవారు. కొబ్బరితోట పంపకాలప్పుడు అన్నదమ్ములకు మాటామాటా వచ్చిన సంగతి మనందరికీ తెలుసు. అడిగి ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకునేవాళ్ళం.

ఆయన ఏటా ఎంతో మక్కువతో బోధించిన నవల ఒకటుంది. అందులో కథ చెప్పే భూస్వామి, తమ్ముణ్ణి ఎప్పుడో క్షమించేశానని పుటపుటనా చెప్పుకుంటాడు; కాయలు దింపించిన ప్రతిసారీ సరిహద్దు గట్టు మీది ఉమ్మడి కొబ్బరిచెట్టును మాత్రం ఎవరినీ ఎక్కనివ్వడు. కాయలు ఎండి రాలిపోతుంటాయి. "ఆయన మాట వినకండర్రా, ఆ చెట్టును చూడండి. అబద్ధం మనకు చెప్పడం లేదు, తనకు తాను చెప్పుకుంటున్నాడు" అని మాస్టారు వివరిస్తుంటే పక్క తరగతి వాళ్ళు కూడా చెవులప్పగించేవారు.

గత నెల ఆ పాఠం చివరిసారి చెప్పారు. కామాక్షి అనే విద్యార్థిని లేచి, "అంత దగ్గర్లో ఉండి ఆ భూస్వామి తమ్ముడింటికి ఒక్కసారైనా ఎందుకు వెళ్ళలేదండీ?" అని అడిగింది.

మాస్టారు తడుముకోకుండా, "సెలవు దొరకలేదమ్మా" అనేశారు.

"ఆయనకి ఉద్యోగమే లేదు కదండీ!"

తరగతి గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వబోయి, కుర్చీలో కూలబడ్డారు.

అధ్యాపకుల గదిలో సహోపన్యాసకురాలు భవానీదేవి గారు మంచినీళ్ళిస్తే, తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

"నీరసంగా ఉందాండీ?"

"ఆయ్, చాలా నీరసంగా ఉందండీ. ఇన్నేళ్ళూ ఆ పెద్దమనిషిని ఉతికి ఆరేసేను. నా సంగతి ఆ పిల్ల అడిగేదాకా నాకు తెలీలేదు. మా తమ్ముడికి పక్షవాతం వచ్చి మాట పడిపోయి ఏడాదైందండీ. అప్పుడూ స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ ఉందని కబురుపెట్టేను."

"ఇప్పుడైనా వెళ్ళండి మాస్టారూ."

"వెళ్తానండీ. కానీ నన్ను తిట్టాలన్నా వాడికి మాట రాదు కదా!" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఈ పదవీ విరమణ ప్రత్యేక సంచికలో ఈ సంగతే రాయమని కోరినవారు ఆయనే. వీడ్కోలు సభ మర్నాడు పొద్దున్నే రాజోలు బస్సెక్కుతున్నారు. ఆయురారోగ్యాలు కోరుతూ రాసిన చివరి వాక్యం చూపిస్తే, "నాకు సరేనండీ, ముందు వాడికి రాయండి" అన్నారు. ఆ ప్రకారమే, ముందుగా శ్రీ వెంకటకృష్ణ గారికి, పిమ్మట మన మాస్టారికి, భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, నిండు నూరేళ్ళ ఆయుష్షునూ, ఆపైన తమ్ముడికి అన్నను నోరారా తిట్టడానికి చాలినంత మాటనూ ప్రసాదించుగాక.