లంగా గుడ్డ సంచిలో పిస్తోలు

"జేజీ, నాకు పిస్తోలు లైసెన్సొచ్చింది. పెద్దదే కొందామనుకుంటాండా. అబ్బ కాడ గూడా పెద్దదే ఉండేది గదా, చొక్కా కింద కనపడకుండా యట్ల పెట్టుకుంటాండె?"

ఆయన యాడ పెట్టుకున్న్యాడప్పా, దానికి సంచి కుట్టిచ్చింది నేను. కూచో చెప్తా. ఆ ఫోను పక్కన పెట్టు.

మా ఇంటాయనకు, అదే మీ అబ్బకు, మాయన్నకు నాపరాళ్ల గని కాడ చెడింది. బావా బామ్మర్దులు, ఒగరి మొగం ఒగరు చూసుకోరు. మధ్యలో నేను. కోయిలకుంట్ల కాడ నాకు పుట్టిల్లు లేనట్టే అయిపాయ. అప్పుడే ఈయనకు పిస్తోలు పిచ్చి పట్టె. కర్నూల్లో అంగడాయన అరచేతిలో పట్టేది చూపిచ్చినాడంట, పాపం మంచోడు. "ఇదేంది, పౌడరు డబ్బా మాదిరుండాది" అని ఇంత పొడుగుది తెచ్చుకున్న్యాడు. ఆ దుడ్లకు ఎద్దుల జతొచ్చేది. ఎద్దులైతే దున్నేవి.

తెచ్చినంక చూడల్ల నాయనా ఆ భాగోతం. వీపున పెట్టుకుంటే జీపులో ఆనుకోలేడు. నడుం పక్కన పెడితే చొక్కా ఉబ్బి గడ్డ లేసినట్టుండె. చంకలో పట్టీ కట్టె, మన ఎండలకు చెమటకాయలు లేసె, పౌడరు కొట్టేది నేను. కోడుమూరు బస్టాండులో, కాదు కాదు, వేంపల్లె బస్టాండులో, బరువుకు పంచె జారె. రెండు చేతుల్తో పంచె పట్టుకోని నిలబడినాడంట. అప్పుడు మాయన్న ఎదురొచ్చింటే యా చేత్తో కాలుస్తాడు, చెప్పు.

కడాకు నా పాత లంగా, ఎర్రది, చించి బొందుతో సహా సంచి కుట్టిచ్చినా. బొడ్డు కింద కట్టుకుంటే బయటికి కనపడదు. నిలబడితే బాగుండాది, కూచుంటే కడుపులో పొడుస్తాది. సంగటి గూడా నిక్కి నిక్కి తింటాండె. యాం చెప్తాంటి... ఆ, రాజీ.

మాయమ్మ మంచాన పడింది. బిడ్డను చూడాలని ఒకటే ఏడుపంట. పెద్దమనుషులు కూచోని రాజీ చేసిరి. మాయన్న ఇంట్లో బోజనం, బావా బామ్మర్దీ వాటేసుకోవల్ల, ఎవురి కాడా ఏ ఆయుధమూ ఉండగూడదు. ఇద్దురూ ప్రమాణం చేసిరి. ఆ దినం బయలుదేరేటప్పుడు చూస్తే ఈయన సంచి కట్టుకుంటాండాడు. తీసిపెట్టమంటే వినడే. "ఊరికే, జాగ్రత్తకు" అన్న్యాడు. ఇది బయటపడితే యింగ నేను మాయమ్మను చూసేది లేదు.

వాకిట్లో ఊరంతా ఉండారు. ఇద్దురూ వాటేసుకున్న్యారు. ఠక్కుమనె. గుడ్డలో ఉన్న్యా ఇనుము ఇనుమే గదా.

మాయన్న మొగం తెల్లబడె. అప్పుడు నాకర్థమాయ, వాడూ కట్టుకున్న్యాడు. నాకు బయం పోయి శానా కోపమొచ్చె. లోపలికి పోయి బియ్యం చెరిగే చాట తెచ్చి ఇద్దరి ముందరా పట్టినా. "ఈడ పెట్టండి. అన్నం చల్లారిపోతాది" అన్న్యా. ఈయన చొక్కా ఎత్తి ఎర్ర సంచి తీసి చాటలో పెట్టె. మాయన్నా తీసె, చూస్తే మా వదిన పూల లంగా సంచి, అదీ బొందుతో సహా. యింగ ఆడోళ్లు నగబట్టిరి చూడు, పెద్దమనుషులు గూడా కండువాలు నోటికడ్డం పెట్టుకోని నగిరి.

ఆ నగుల్లోనే నేను మాయమ్మ కాడికి పోయినా. నా చెయ్యి పట్టుకోని, "బయట ఏందే ఆ నగులు" అనె. "మొగోళ్లు లంగాలు ఇప్పుతాండారు మా" అన్న్యా. పండ్లు లేని నోటితో ఎంత నగిందనుకున్న్యావు. ఆ నగు ఇప్పుడు తలుచుకున్న్యా నాకు కండ్లల్లో నీళ్లొస్తాయి.

ఆ పొద్దు నించీ మీ అబ్బ దాన్ని కట్టుకోలా. బీరువాలో పడేసి హాయిగా సంగటి తిన్న్యాడు.

పెద్దదే కొనుక్కో నాయనా. చిన్నదైతే ఒంటి మీద ఉండేదే మర్చిపోయి బతుకంతా మోస్తావు. పెద్దదైతే పొడిసి పొడిసి, అదే ఇంట్లో పెట్టి పొమ్మంటాది. సంచి నీ పెండ్లాన్ని అడుగు, నాకు కండ్లు ఆనవు. చల్లంగుండు. ఈ ఇంటికొచ్చినప్పుడు మాత్రం... ఆ గోడకు చాట తగిలిచ్చిండా, చూసినావు గదా.