వంకర అద్దం

కైరోలో మెకానిక్ షెడ్ల సందు. నలుపు తెలుపు రంగుల పాత టాక్సీలో స్టీరింగ్ ముందు తండ్రి, కిటికీ బయట నిలబడి కూతురు.

"సినిమాలో టాక్సీని అచ్చు గుద్దినట్టు దించేశావు నాన్నా, డాష్‌బోర్డు మీద గొర్రెబొచ్చుతో సహా! మరి అద్దం వంకరగా పెట్టావేంటి? వెనకొచ్చే బండ్లు కనపడక మొదటి మలుపులోనే గుద్దించుకుంటావు."

"సినిమాలో అలాగే ఉంది. వెనక కూర్చున్న మీ అమ్మ మొహం కెమెరాకి పడాలని తిప్పారు."

"అమ్మ వేసింది ఆ ఒక్క వేషమేగా. అదీ రెప్పపాటు."

"ఆ రెప్పపాటు కోసమేగా ఇదంతా."

"కొత్త సీటు ఎందుకు చింపావు మరి?"

"అక్కడా చిరిగే ఉంది. ఇన్నేళ్లూ ఆ సీన్ వచ్చినప్పుడల్లా మీ అమ్మనే చూశాను. ఆవిడ పోయాకే ఆ చిరుగు కనపడింది."

కూతురు వెనక తలుపు తెరిచింది.

"ఏమ్మా, అటు ఎక్కుతున్నావేంటి?"

"వెనక కూర్చుంటా. తల తిప్పకు, అద్దంలోనే చూడు. అందరూ నాది అమ్మ పోలికంటారుగా. ఉన్నానా అలా?"

"ఉన్నావు తల్లీ, అచ్చం ఉన్నావు. కళ్లు తుడుచుకో. ఆ సీన్లో మీ అమ్మ నవ్వుతూ ఉంటుంది."