గాలిపెట్టెకి కట్టిన కవరు

కంపాలాలో, కలెర్వే సంత పక్కనున్న బైకు టాక్సీల స్టాండు. అక్కడో డ్రైవరు బండికి, గాలి ఎంత శుభ్రంగా ఉందో కొలిచే పెట్టె బిగించిన అమ్మాయి నెల తర్వాత మళ్లీ వచ్చింది.

“ఏంటన్నా, సంతంతా పొగ. మీ పెట్టె మాత్రం గాలి శుభ్రంగా ఉందంటోంది?”

“ఎందుకనదమ్మా? మొదటిరోజే కవరు కట్టేశా, సీటుకి కట్టినట్టే. కాస్త దుమ్ము పడితే ఒట్టు!”

“అయ్యో అన్నా, ఆ దుమ్ము కొలవడానికే కదా అది!”

“ముందే చెప్పొద్దూ?” అతను కవరు పీకేశాడు. “నెలంతా వృథాయేనా?”

“వృథాయే. కానీ దాన్నింత అపురూపంగా చూసుకున్నవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరు.”

“ఇక చూడు. చెత్త తగలబెట్టే చోటికి రోజూ తీసుకెళ్తా. ఆదివారం కూడా.”

“ఆదివారం మీకు సెలవు కదన్నా!”

“ఆ పక్కనే మా ఇల్లు. మా పిల్లల ఊపిరికి సెలవుందా?”